నాయనకు అడ్డం పెట్టిన చెయ్యి

చిత్తూరు బైపాసు కూడలిలో సిగ్నల్ దీపాలు పొద్దుటి నుంచీ వెలగడం లేదు. నాలుగు రోడ్లకీ ఇప్పుడు కానిస్టేబులు ప్రసన్నకుమారి చేతులే దిక్కు. తోతాపురి మామిడి కోతల కాలం. గుజ్జు ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు రెండు రోడ్ల మీద బారులు తీరి ఉన్నాయి. ఒక బారును కాసేపు వదలాలి, దాన్ని ఆపి రెండోదాన్ని వదలాలి. ఎదుటి బారులో మొట్టమొదటి ట్రాక్టరు ఆమె నాయన గంగాధరానిది.

"పాపా, కాయ మెత్తబడి రసం కారతా ఉండాది. ఫ్యాక్టరీ గేటు మూసేస్తారంట. రొంత వదులు!" అని ఆయన అప్పటికే రెండుసార్లు కేకేశాడు.

ఆమె వినబడనట్టే నిలబడింది. కుడి అరచెయ్యి ఆయనకు అడ్డంగా ఎత్తిందిగానీ మొహం పక్కకు తిప్పుకుంది. ఆపిన బండి డ్రైవరు కళ్ళలోకి చూసి, అతను గమనించాడని తెలిశాకే రెండో పక్కను పిలవాలని ట్రైనింగులో మొదటిరోజే చెప్పారు. అది తెలిసీ ఆమె చూడలేదు. నాయన కళ్ళలోకి చూస్తే ఎత్తిన చెయ్యి దానంతటదే దిగిపోతుందని భయం.

హారన్లు చెవులు తినేస్తున్నాయి. స్కూటర్లు సందు దొరికితే చాలు ముక్కు దూరుస్తున్నాయి. ఎడమ రోడ్డు వంతు వచ్చింది. ఆ బారుకు ముందు తిరుపతి బస్సు. ఆమె ఎడమచేత్తో రమ్మని ఊపింది. నొప్పెట్టిన కుడిచెయ్యి సగానికి వాలిపోయిన సంగతి గమనించుకోలేదు.

బస్సు కదిలింది. నాయన ట్రాక్టరూ కదిలింది.

ఆమె బండ్లకు ఎదురు ఉరకకుండా నాలుగడుగులు పక్కకు జరిగి, విజిలు పొడుగ్గా ఊది, రెండు చేతులూ ఎత్తేసింది. బస్సు కీచుమని ఆగింది. ట్రాక్టరు కూడలి నడిమధ్య నిలబడింది. నాలుగు కాయలు రోడ్డు మీద పడి చితికాయి.

"నిన్నెవరు రమ్మనింది నాయనా!"

"నువ్వే కదా చెయ్యి ఊపితివి! మన తోపులో ట్రాలీ తిప్పాలంటే నీ చెయ్యి చూసే కదా నేను తిప్పేది. ఇన్నేండ్లలో ఆ చెయ్యి నాకు ఒక్కనాడూ తప్పు చెప్పలా."

ఆమె వాలిపోయిన తన కుడిచెయ్యి వైపు చూసుకుంది.

బస్సు వెనక ట్రాక్టరులో కూర్చున్న మునిరత్నమ్మ గొంతు లేచింది. "సూడండబ్బా! ఇంటి మనిషి డ్యూటీలో ఉంటే ఇంక వంతులేంటికి? మా కాయలేమన్నా రాళ్ళా, కుళ్ళకుండా ఉండేదానికి?"

ట్రాలీని వెనక్కి పంపుదామంటే వెనకంతా స్కూటర్లు ముసిరాయి, చక్రం కింద ఎవరైనా పడిపోతారు. ముందుకు పోనివ్వడమే క్షేమం. పోనిస్తే నాయనకు వంతు తప్పించి పంపినట్టే.

"దాటి, ఎడమపక్క మట్టిలో ఆపు. ఈ బారు వంతు అయ్యేదాకా కదలొద్దు."

"ఆడ ఆపితే కాయ ఏం కావాల పాపా?"

"తప్పు నాదే నాయనా. అయినా ఆపాల్సిందే."

గంగాధరం ఆమెను ఎగాదిగా చూశాడు. కూడలి దాటి ఆపి, ఇంజను ఆర్పేశాడు.

బస్సు పోయింది. ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి ఆయన్ను దాటి పోయాయి. "కన్న నాయనను ఎండకు పెట్టినావు కదమ్మే!" అంటూ మునిరత్నమ్మ కూడా పోయింది. ఆ గొంతులో ఈసారి ఎగతాళి తగ్గింది. ప్రసన్నకుమారి బారు చివర ఎక్కడుందోనని మెడ సాచి చూసింది. ఈ బారు ఎప్పటికి తెగుతుంది?

చివరి ట్రాక్టరు దాటిందో లేదో, ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చిన ఆటోవాడు అరిచాడు. "గేటు మూసేసినారు! ఇంక రేపే!"

గంగాధరం ట్రాక్టరు దిగాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. అవతలి పక్క టీ బంకుకు పోవాలని, అటూ ఇటూ చూడకుండా రోడ్డు మీదికి అడుగేశాడు.

ప్రసన్నకుమారి నాలుగు రోడ్లనూ ఆపేసింది. హారన్లు ఒక్కసారిగా మోగాయి. ఆయన ఆమె పక్కనుంచే పోయాడు, పలకరించలేదు, నడకా తొందర చెయ్యలేదు. బంకు మెట్టు ఎక్కేదాకా ఆమె చేతులు దించలేదు.