సగం వెలుగు

మా కంపెనీ ఇళ్ళల్లో దీపాల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్లు తయారుచేస్తుంది. అక్కడ నేను మీటరు పట్టుకుని వెలుగు కొలిచేవాణ్ణి. మా పైన ఒక డాక్టరుగారున్నారు. వైద్యం డాక్టరు కాదు, గణితం డాక్టరు. వెలుగు ఎంతుంటే కంటికి ఎంతగా కనిపిస్తుందో ఒక్క సమీకరణంలో తేల్చేస్తానని వచ్చారు. వచ్చిన నాటినుంచి ఆయన కళ్ళు కాగితం మీదినుంచి లేవగా నేను చూడలేదు.

ప్రయోగం ఇది. చీకటి గదిలో ఎదురు గోడమీద రెండు తెల్లటి గుండ్రాలు. ఎడమదానిమీద పూర్తి వెలుగు. కుడిదాని వెలుగు, కూర్చున్న మనిషి చేతిలోని నాబ్‌తో మారుతుంది. ఎడమదానిలో సగం అనిపించినచోట ఆపాలి. చీకట్లో తడుముకోకుండా నాబ్ చుట్టూ సున్నానుంచి వందదాకా వెలుగు శాతం చూపే మెరిసే అంకెలు వేయించింది డాక్టరుగారే. ఆ ఉపాయానికి తన్ను తాను రెండుసార్లు మెచ్చుకున్నారు కూడా.

పదిమందిని కూర్చోబెడితే తొమ్మిదిమంది యాభై దగ్గర ఆపారు. వెలుగు సగమైతే కంటికీ సగమే అని ఆయన గీత గీశారు. స్కేలు పెట్టినంత తిన్నగా వచ్చింది.

"కన్ను అలా చూడదండీ. వెలుగు సగం తీసేసినా కొంచెమే తగ్గినట్టుంటుంది. మేం కాలేజీలోనే చదివాం," అన్నాను.

"మీ రోజుల్లో కళ్ళు వేరులెండి, పెద్దాయనా."

పదో మనిషి మా మరదలు, పోయిన నా భార్యకు చెల్లెలు. తయారైన డిమ్మర్లు వెలిగించి చూసే విభాగంలో పని. వాళ్ళ ఇంటికి సంపాదన ఆమెదొక్కటే. మూడుసార్లు కూర్చుంది, పద్దెనిమిది, ఇరవై ఒకటి, పంతొమ్మిది దగ్గర ఆపింది. గీత పాడైంది. డాక్టరుగారు ఆ మూడు చుక్కలూ చెరిపేశారు. అంతటితో ఊరుకోక, చూపు లేనివాళ్ళకు ఆ విభాగంలో పనేమిటని, సోమవారంనుంచి రానక్కర్లేదని ఉత్తరం టైపు చేయించారు. సంతకం మాత్రం మిగిలింది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"అందరూ యాభై దగ్గర ఆపితే నువ్వు ఇరవైకి పోయావేమ్మా?"

"ఏ యాభై?"

"నాబ్ చుట్టూ అంకెలున్నాయి కదా."

"దానికి అంకెలున్నాయా?" చెంచా ఆపి అడిగింది. "ఏదో చుట్టూ మిణుకుమిణుకుమంటుంటే అలంకారం అనుకున్నా. చత్వారం అద్దాలు నేను ఇంట్లో తప్ప పెట్టుకోను, మీకు తెలుసుగా బావగారూ. ముసలిదాన్నయిపోయానంటారు."

ఆ బింకానికి మనసులోనే దణ్ణం పెట్టాను. దగ్గరిది కనిపించలేదు కనుక, దూరాన ఉన్న గుండ్రాన్ని చూసింది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళు సగం అనగానే యాభై వెతుక్కున్నారు. డాక్టరుగారు ఆరువారాలు కష్టపడి కొలిచింది వాళ్ళ కళ్ళను కాదు, ఒకటో తరగతి లెక్కను.

నేను మాత్రం ఏం తక్కువ? నా భార్య జబ్బుగా ఉన్నప్పుడు మంచం పక్క దీపం సగం చేయమనేది. డిమ్మరు యాభైకి తిప్పేవాణ్ణి. "ఎక్కడ తగ్గిందండీ?" అనేది. సరిగ్గా సగమే, కావాలంటే చూడమని అంకె చూపించేవాణ్ణి. అలా చూపించిన నేను కాలేజీ చదువు చదివినవాణ్ణే.

అంకెలమీద నల్లటి టేపు అంటించి డాక్టరుగారిని పిలిచాను.

"ఒక్కసారి మీరే కూర్చోండి."

"నా కన్ను నాకు తెలుసు," అంటూ కూర్చున్నారు. చాలాసేపు తిప్పి ఆపారు. టేపు ఎత్తి చూపించాను. పదిహేడు.

"ఈ మీటరు ఎప్పుడు సరిచూశారు?"

"మీటరు వాడలేదండీ. అది మీ అంకె."

మళ్ళీ తిప్పారు. ఇరవై. గుమ్మంలో నిలబడ్డ మరదలు, "అద్దాలు రాయించుకోండి సార్. ఇరవై దగ్గర ఆపితే నాకూ చూపు లేదన్నారు," అంది.

డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు. బల్లమీది ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. అందరిముందూ చింపకపోవడం ఆయన పరువుకోసమే అయినా, ఉత్తరం సంగతి బయటపడక ఆమె పరువూ నిలబడింది. అంతవరకు మేలే.

ఆ వారంలోనే కొత్త గీత వచ్చింది, అందంగా వంగి. కన్ను వెలుగును తిన్నగా కొలవదని తామే కనుగొన్నట్టు రిపోర్టులో రాసుకున్నారు. టేపు సంగతి ఆరో పేజీలో, "మెరుగుపరిచిన పరికరం" అని ఉంది.

సోమవారం మరదలు పనిలోకి వచ్చి, మొదటిసారి అందరిముందూ అద్దాలు పెట్టుకుని ఆ రిపోర్టు చదివింది. తన పేరు కోసం రెండుసార్లు వెనక్కి తిప్పింది. తర్వాత అద్దాలు తీసి సంచిలో వేసుకుని, డిమ్మర్లు వెలిగించడం మొదలుపెట్టింది.