పెన్సిల్ గీత

రిమ్మా ఆర్కాద్యెవ్నాకు అరవై నాలుగేళ్లు. తోమ్స్క్‌లోని ఆ ప్రయోగశాలలో ముప్పై ఏళ్లుగా ఆమె చేసేది ఒకటే పని. రెప్పపాటులో లక్షోవంతు కాలంలో పిడుగంత శక్తిని కక్కే మైక్రోవేవ్ యంత్రాలకు అద్దాలు లెక్కగట్టడం. అద్దమంటే ముఖం చూసుకునేది కాదు, మనిషెత్తు అల్యూమినియం పళ్లెం. యంత్రం మూతికి బిగించిన ప్లాస్టిక్ కిటికీలోంచి వచ్చే తరంగాలను అది పోగుచేసి ఒకే దిక్కుకు పంపుతుంది. ఎదురుగా చెక్కపలక మీద ఆరువందల చిన్న నియాన్ దీపాలుంటాయి. అంతా సవ్యంగా ఉంటే తీగ లేకుండానే అన్నీ ఒక్కసారి వెలుగుతాయి.

శుక్రవారం పలక నడిమధ్యన నాలుగు దీపాలు మాత్రం మిణుక్కుమన్నాయి. కిటికీ మీద నిప్పు పాకి నల్లమచ్చ మిగిలింది. తక్కువ శక్తితో చూసినప్పుడు ఇదే అద్దం వంక పెట్టడానికి లేకుండా పనిచేసింది. ఆ తర్వాత దానికి మళ్లీ నునుపు పెట్టారు. అప్పుడే ఒంపు చెడి, తరంగాలు వెనక్కొచ్చి కిటికీని కాల్చాయని రిమ్మా తేల్చేసింది.

నునుపు పెట్టింది తిఖోన్ సవేల్యిచ్. డెబ్బై ఒకటో ఏడు, చేతులు వణుకుతాయి. సిబ్బందిలో ఒకరిని ఎలాగూ తగ్గించాలని కాచుకున్న డైరెక్టరు వీతలీ రొమానొవిచ్, తిఖోన్‌ను తీసేసే కాగితాన్ని రిమ్మా ముందుకు తోశాడు. ఇంటికి పోయి పడుకుంటే చాలన్నంత అలసటలో ఆమె చదవకుండానే సంతకం గీకేసింది.

సోమవారం పొద్దున్నే కాలిన కిటికీని విప్పి భూతద్దం కింద పెట్టింది. మచ్చ చెట్టు వేళ్లలా పాకింది. వేళ్లన్నీ నట్టనడుమ ఒక చిన్న కూడిక గుర్తు నుంచి మొదలయ్యాయి. నిలువుగీత పొట్టి, అడ్డగీత పొడుగు. అలా గీసేది ఆ భవనంలో తనొక్కతే. గురువారం అద్దాన్నీ కిటికీనీ వరసలోకి తేవడానికి తనే పెన్సిల్‌తో గీసింది. పెన్సిల్ ముల్లు కరెంటును మోస్తుంది. తక్కువ శక్తికి ఆ గీత ఉన్నా లేనట్టే, పెద్ద శక్తికి అది అగ్గిపుల్ల. కిటికీ మీద పెన్సిల్ పెడితే వేళ్లు విరగ్గొడతానని, కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆమె చెప్పే మొదటి పాఠం అదే. భూతద్దం అక్కడే వదిలేసి వర్క్‌షాపుకు నడిచింది.

వర్క్‌షాపులో తిఖోన్ తన ఆకురాళ్లను పాతగుడ్డలో చుట్టుకుంటున్నాడు.

"తిఖోన్ సవేల్యిచ్, తప్పు అద్దంది కాదు. కిటికీ మీద గీత ఉంది. నేనే గీశాను."

"తెలుసులెండి."

"తెలుసా?"

"ఏడేళ్లుగా చూస్తున్నా. మీరు గీసి వెళ్తారు, పేల్చేముందు నేను స్పిరిట్‌తో తుడుస్తా. శుక్రవారం పన్ను పీకించుకోడానికెళ్లా." దవడ తడుముకున్నాడు. "ఒకే రోజు పన్నూ పోయింది, ఉద్యోగమూ పోయింది."

"నాకు చెప్పొద్దూ!"

"మొదటిసారే చెప్పా. 'నాకే పాఠాలా?' అన్నారు. ఎందుకొచ్చిన గొడవ, గుడ్డే నయమనుకున్నా." జామ్ వేసిన తన టీ గ్లాసు ఆమె వైపు జరిపాడు. "తాగండి. మొహం పీక్కుపోయింది."

ఆమెకు ఏడుపు కూడా రాలేదు. దానికీ ఓపిక ఉండాలి కదా. టీ తాగి, నేరుగా డైరెక్టరు గదికి నడిచింది.

"కాగితం మార్చండి, వీతలీ రొమానొవిచ్. కాల్చింది నా గీత."

"అయ్యో, జాబితా సాయంత్రానికి పైకి పోవాలండీ. అందులో ఒక పేరు ఉండి తీరాలి."

"ఉంటుంది. నాది రాయండి."

"మీరు పోతే లెక్కలెవరు కడతారు?"

"లెక్కలు నేను నలుగురికి నేర్పాను. తిఖోన్ చేతులు ఇంకెవరికీ లేవు."

ఈసారి కాగితం మొత్తం చదివి సంతకం చేసింది.

జాబితాలో పేరు మారిన సంగతి అందరికీ తెలిసింది. మధ్యాహ్నం కొత్త కిటికీ బిగించారు. దాని మీద గీత ఏమీ లేకపోయినా రిమ్మా స్పిరిట్ గుడ్డతో తుడిచింది.

"ఆ మూల మిగిలింది," అన్నాడు తిఖోన్ వెనక నుంచి. ఆమె ఆ మూలను మళ్లీ తుడిచింది.

సైరన్ మోగింది. కాంక్రీటు గోడ వెనక, కెమెరా తెర మీద, ఆరువందల దీపాలూ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ అలిసిపోయి ఉన్నారు.

తిఖోన్ ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకుని మడతపెట్టాడు.

"మీరు వెళ్లిపోయాక నేనెవరి గీతలు తుడవాలి?" అన్నాడు.