పెలాజీ ఒప్పుకున్న రోజు

పెలాజీ నడుము దగ్గర, కుచ్చిళ్ల మడతల మధ్య, అరచెయ్యంత జాలీ ఒకటి ఉంటుంది. చాలా ఏళ్లుగా నేను ఊరిని ఆ జాలీలోంచే చూస్తున్నాను. బయట నన్ను అందరూ పొట్టి లీవ అంటారు. సూపర్‌మార్కెట్‌లో బిల్లులు వేసే చోట కూర్చుంటాను. జనం నా మొహం చూడకుండానే సంచీ అడుగుతారు, చిల్లర తీసుకుని పోతారు. పెలాజీ లోపల దూరానంటే మాత్రం మేడ మీది కిటికీల్లోంచి కూడా చేతులు ఊపుతారు. నాకు కాదనుకోండి, పెలాజీకి. ఆ తేడాని నేనెప్పుడూ పట్టించుకోలేదు.

పెలాజీ మా నేతపేట బొమ్మ, రెండు నిలువుల ఎత్తు. పేముతో అల్లిన ఒళ్లు, కాగితపు గుజ్జుతో చేసిన మొహం, నేల మీద జీరాడే పరికిణీ. లోపల ఒక మనిషి దూరి, భుజాలకి పట్టీలు తగిలించుకుని, బరువంతా ఎత్తుకుని నడవాలి. మా వైపు ప్రతి పేటకీ ఇలాంటి బొమ్మ ఒకటి ఉంటుంది. వాటికి పుట్టినరోజులు చేస్తాం, చర్చికి తీసుకెళ్లి పేర్లు పెడతాం, కుదిరితే పెళ్లిళ్లు కూడా చేస్తాం. ఒక్కటే కట్టుబాటు. పరికిణీ వీధిలో ఉన్నంతసేపూ లోపల ఎవరూ లేనట్టే. మోసేవాళ్లు నోరు విప్పకూడదు, మోసేవాళ్లని ఎవరూ పేరు పెట్టి పిలవకూడదు. నేను లోపలుండగా మా వీధి వీధంతా నన్ను "పెలాజీ, ఎండ దంచేస్తోంది కదే" అని పలకరిస్తుంది. సాయంత్రం నేను చెమటతో బయటికొస్తే అదే మనుషులు ఏమీ ఎరగనట్టు "ఏం లీవా, ఇవాళ కనబడలేదే" అంటారు. ఈ దొంగాట నాకు ప్రాణం.

ఇక గొడవ ఎలా మొదలైందో చెప్తాను. కాలవ గట్టున మా పేట షెడ్డు ఉంది. పెలాజీ ఉండేది అందులోనే. పిల్లల డప్పుల మేళం సాధన, ఆడవాళ్ల కుట్టుపని, ముసలాళ్ల పేకాట, అన్నీ అక్కడే. చలికాలం గాలివానకి దాని కప్పు సగం కూలింది. తనిఖీకి వచ్చినవాళ్లు పైకి ఒకసారి చూసి, తలుపుకి తాళం వేసి పోయారు. పిల్లలు వంతెన కింద నిలబడి డప్పులు కొట్టుకునేవాళ్లు. పెలాజీని ఒక వ్యాన్ల గరాజులో పడుకోబెట్టాం, నిలబెట్టేంత ఎత్తు అక్కడ లేదు.

సాయం కోసం ఊరి సాంస్కృతిక కార్యాలయానికి రాసుకున్నాం. సెన్నె అనే కుర్ర అధికారి మా పేటవాళ్ల సమావేశానికి సైకిలు మీద వచ్చాడు. మెత్తటి మనిషి. మేం పెట్టిన ఉల్లిపాయ సూపు రెండుసార్లు అడిగి తాగాడు. కోపం తెచ్చుకుందామన్నా సందివ్వడు.

"ఒక్కో పేటకీ విడిగా ఇచ్చే పద్ధతి తీసేశారండీ," అన్నాడు. "ఇరుగుపొరుగు పేటలు కలిసి ఏదైనా చేస్తేనే ఇప్పుడు సాయం. మీకూ తోళ్లపేటకీ మధ్య ఉన్నది ఒక్క కాలవే కదా."

"ఆ కాలవ ఎందుకుందనుకున్నావ్ బాబూ? వాళ్లు ఇటు రాకుండా," అన్నాడు ఫిర్మిన్. మా పేట సంఘానికి పెద్ద అతనే. పాత ట్రాము డ్రైవరు కావడంతో మనుషులందరూ పట్టాల మీద నడవాలనుకుంటాడు.

సెన్నె నవ్వి, గిన్నె పక్కన పెట్టాడు. "మీ పెలాజీకి పెళ్లి కాలేదు. వాళ్ల గొమ్మార్‌కీ కాలేదు."

గదంతా గొల్లున నవ్వింది. గొమ్మార్ అంటే తోళ్లపేట బొమ్మ. ముల్లంగి లాంటి ముక్కు, ఎర్ర గడ్డం. మా చిన్నప్పట్నుంచీ వాడి మీద పాటలు కట్టి ఏడిపించాం. కానీ సూపు అడుగంటేసరికి ఎవరూ నవ్వడం లేదు. అందరూ కప్పు గురించే మాట్లాడుతున్నారు.

నాకు మాత్రం ఇంకోటి గుర్తొచ్చింది. మా వైపు ఆచారం ప్రకారం పెళ్లయిన బొమ్మ మొగుడి పేటకి పోతుంది. ఏ పేటలో ఉంటే ఆ పేటవాళ్లే మోస్తారు.

"మరి పెలాజీ అటు పోవాల్సిందేనా?" అన్నాను.

"పెళ్లంటే అంతేగా," అన్నాడు ఫిర్మిన్. "ఇది ఆఫీసువాళ్లు పెట్టిన షరతు కాదు, మన ఆచారమే."

"గొమ్మార్‌నే ఇల్లరికం రమ్మనండి."

"ఏడిసినట్టుంది. మన షెడ్డుకి కప్పే లేదు, అల్లుణ్ణి ఎక్కడ పడుకోబెడతావే?"

మళ్లీ అందరూ నవ్వారు. చేతులెత్తమన్నప్పుడు నా చెయ్యి తప్ప అన్నీ లేచాయి. తర్వాత ఫిర్మిన్ నన్ను పక్కకి పిలిచి, "నీకు మోయడం ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు. ఇంకెవరినైనా చూస్తా," అన్నాడు. బెదిరించినట్టు కాదు, నా మీద జాలితోనే అన్నాడు. మోయనంటే పెలాజీ మా పేటలో నడిచే ఆఖరి రోజు ఇంకెవడో లోపలుంటాడు. మోస్తానంటే నా చేతులతో నేనే అప్పగించి రావాలి. మోస్తానన్నాను.

ఎవరి మీద కోప్పడాలో తెలియకపోవడం అన్నిటికంటే పెద్ద బాధ. ఆఫీసువాళ్లు అడిగిందాంట్లో తప్పేముంది? రెండు పేటల జనం కలిసి కూర్చుని కాగితప్పూలు చేస్తున్నారు. నా జీవితంలో మొదటిసారి తోళ్లపేట ఆడవాళ్లు వంతెన దాటి వచ్చి మా వాళ్లతో కాఫీ తాగారు. పిల్లల డప్పులకి కొత్త చర్మాలు వచ్చాయి. అందరికీ మంచే జరుగుతోంది. ఆ మంచి మధ్యలో నాకు ఊపిరాడటం లేదు. ఈ మాట ఎవరితో అన్నా, "బొమ్మ కోసం ఇంతా?" అంటారు.

పెళ్లి రోజు ఆకాశం తెరిపిగా ఉంది. చౌరస్తా నిండా జనం. నూనెలో వేగుతున్న పిండి ఉండల వాసన, బీరు వాసన, పక్క ఊళ్ల నుంచి వచ్చిన మేళాలు. నేను పెలాజీని తిప్పుకుంటూ, పరికిణీ గిర్రున విచ్చుకునేలా ఆడించుకుంటూ తీసుకొచ్చాను. ఆ నడుము తిప్పుడు నాదే. ముందు మోసినవాళ్లకి అది రాదు. లోపల ఉక్క, పాత చెమట కంపు, భుజాల మీద పేము కోత. ఎప్పుడూ ఉండేవే.

టౌన్‌హాలు మెట్ల మీద మేయరమ్మ భుజం మీంచి అడ్డపట్టీ వేసుకుని నిలబడింది. నాకెదురుగా గొమ్మార్. వాడి పొట్ట దగ్గర కూడా జాలీ ఉంది. అందులోంచి ఓడీల్ కన్ను కనిపిస్తోంది. ఓడీల్ తోళ్లపేటలో చేపల కొట్టు నడుపుతాడు. వంతెన మీద ఎదురుపడితే టోపీ ఎత్తేవాడు, అంతవరకే మా పరిచయం.

"గొమ్మార్, పెలాజీని భార్యగా స్వీకరిస్తావా?" అని మేయరమ్మ మైకులో అడిగింది. ఓడీల్ మోకాళ్లు వంచి ముందుకు ఒరిగాడు. గొమ్మార్ కిర్రుమంటూ వంగి లేచాడు. జనం ఈలలు వేశారు.

"పెలాజీ, గొమ్మార్‌ని భర్తగా స్వీకరిస్తావా?"

ముందుగా అనుకుని చేసింది కాదు, ఒట్టు. నా మోకాళ్లు వంగలేదు.

జనం నవ్వారు. "బెట్టు చేస్తోందిరోయ్!" అని ఎవరో అరిచారు. "ఆ ముక్కు చూసి జడుసుకుంది!" అని ఇంకొకరు. మేయరమ్మ కూడా నవ్వి మళ్లీ అడిగింది. నేను కదల్లేదు. మూడోసారి అడిగేటప్పటికి ఆమె గొంతులో నవ్వు తగ్గింది. మేళం వాళ్లు బాకాలు నోటి దగ్గరికి ఎత్తి, దించేశారు. చౌరస్తా మెల్లగా నిశ్శబ్దమైపోయింది.

ఫిర్మిన్ బూట్లు నాకు పరికిణీ అంచు కింద కనబడ్డాయి. కుచ్చిళ్లు సర్దుతున్నట్టు వంగి గొణిగాడు. "పెలాజీ తల్లీ, పిల్లలు వంతెన కింద తడుస్తున్నారే. మళ్లీ ఎవరిస్తారే మనకి? వంగవే, నీకు దణ్ణం పెడతా."

అప్పుడు కూడా లీవా అనలేదు. అన్నాడంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. బహుశా ఏడ్చేసి వంగేదాన్ని. బహుశా మొహం మీదే ఛీ కొట్టేదాన్ని. వాడు బతిమాలుతున్నది పెలాజీని. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, మొదట్నుంచీ.

వద్దు అని అరుద్దామని నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. మాట రాలేదు. లోపల ఎవరూ లేరు కదా, ఎవరు మాట్లాడతారు? ఇన్నేళ్లూ ఆ కట్టుబాటుని ముద్దు చేసి పెంచుకున్నదాన్ని నేనే. ఇప్పుడది నా నోటికే అడ్డం పడింది. బయటికి దూకుదామంటే పరికిణీ ఎత్తాలి. వీధి మధ్యలో, పిల్లలందరి ముందు, పెలాజీ కడుపులోంచి చెమటతో తడిసిన పొట్టి ఆడది ఊడిపడాలి. అంతకంటే చచ్చిపోవడం నయం అనిపించింది.

బరువు పెరిగిపోతోంది. నడుస్తున్నప్పుడు అంత తెలియదు, నిలబడిపోతేనే ప్రాణం తీస్తుంది. తొడలు వణకడం మొదలైంది.

"లీవా."

ఓడీల్. గొమ్మార్ పొట్టలోంచి, పెదాలు కదిపీ కదపనట్టు. బొమ్మ లోపలి నుంచి ఒక మనిషి మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"ఎంతసేపు నిలబడాలనుందో నిలబడు," అన్నాడు. "నేనూ దింపను. కూలితే ఇద్దరం కలిసే కూలుదాం."

దాంతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్కరు, ఒకే ఒక్కరు, ఈ జాలీ వెనక నేనున్నానని ఒప్పుకున్నారు. ఇంకాసేపు నిలబడగలననుకున్నాను. సాయంత్రం దాకా నిలబడతాననుకున్నాను. వీళ్లంతా విసుగెత్తి ఇళ్లకి పోయేదాకా.

మోకాళ్లు నా మాట వినలేదు. ముందు ఎడమది జారింది, వెంటనే కుడిది. నేను పేము కడ్డీలు పట్టుకుని ఆపాలని చూశాను. పెలాజీ మెల్లగా, తల నుంచి నడుము దాకా, నేలకి తగులుతుందేమోనన్నంతగా ముందుకి వంగిపోయింది.

చౌరస్తా బద్దలైంది. "ఒప్పుకుంది! ఒప్పుకుంది!" బాకాలు, డప్పులు, గంటలు. పెళ్లికి చల్లే చక్కెర పూత బాదం గింజలు పెలాజీ టోపీ మీద వానలా రాలుతున్న చప్పుడు. "ఎంత సిగ్గుపడి వంగిందో చూడండమ్మా" అని ఎవరో ఆడమనిషి ఏడుపు గొంతుతో అంటోంది. నేను ఎలాగో లేచి నిలబడ్డాను. లోపల "కాదు, కాదు" అంటూనే ఉన్నాను. ఇప్పుడు గొంతు వచ్చింది కానీ ఆ డప్పుల మోతలో నాకే వినబడలేదు.

వంతెన నడిమధ్యలో అప్పగింత. చుట్టూ నలుగురు దుప్పట్లు అడ్డం పట్టుకున్నారు, మోసేవాళ్లు మారడం ఎవరి కంటా పడకూడదని. నేను పట్టీలు విప్పి బయటికొచ్చాను. తోళ్లపేట కుర్రాడు స్టెయ్న్ లోపలికి దూరుతూ, "నిశ్చింతగా ఉండండి అత్తా, జాగ్రత్తగా చూసుకుంటాం," అన్నాడు. వాడి పొడవుకి పట్టీలు వదులు చేసుకున్నాడు. దుప్పట్లు తీశారు. పెలాజీ లేచి మొగుడి పక్కన నడిచింది. నడుము తిప్పడం లేదు. కోతకి పోయే రైతులా అంగలేస్తోంది. మా నేతపేట జనం ఆ అంగలకే కేకలు వేసి చప్పట్లు కొడుతున్నారు. ఒక్కరికి, ఒక్కరికైనా తేడా తెలియలేదు.

నేను వంతెన పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డాను. సెన్నె జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"లీవగారూ! ఏమన్నా చేశారా అండీ! మేయరమ్మ కళ్లు తుడుచుకుంది తెలుసా? ఆవిడ పక్కనే నిలబడి చూశాను. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టింది. ఇది మీరే ఆలోచించారా?"

"నా మోకాళ్లు పోయాయి," అన్నాను.

"అచ్చం అలాగే అనిపించిందండీ!" అని నవ్వాడు. "వినండి. మీ షెడ్డు సంగతి ఖాయం. ఇంకో మాట, ఇప్పుడే అనుకున్నాం. ఏటా ఇదే రోజున మేయరమ్మతో మళ్లీ అడిగిద్దాం. పెలాజీ కాసేపు ఒప్పుకోదు, జనం కంగారు పడతారు, తర్వాత వంగుతుంది. ఈ ఊరికి అదే పండగైపోతుంది. మిగతా రోజులు స్టెయ్న్ మోస్తాడు, ఆ ఒక్కరోజు మాత్రం మీరే కావాలి. అలా నిలబడటం ఇంకెవరికీ రాదు."

"ఒప్పుకోకపోతే?"

"నాటకంలోనా?" అని ఒక క్షణం తెల్లబోయి చూశాడు. "చివరికి ఒప్పుకుంటుందిగా అండీ. లేకపోతే పండగ ఎలా అవుతుంది?"

అతని చెంప పగలగొట్టాలనిపించింది. ఆ సైకిలు ఎత్తి కాలవలో పడేయాలనిపించింది. ఊరందరి ముందు ప్రతి ఏడాదీ నేను వద్దని నిలబడాలి, ప్రతి ఏడాదీ వంగాలి, వాళ్లు బాదం గింజలు చల్లాలి. నా వద్దుని కూడా వీళ్లు మెచ్చుకుని తీసేసుకున్నారు. ఛీ, పోండి అనడానికి ఎంతసేపు?

వంతెన అవతల పెలాజీ టోపీ మాత్రమే కనబడుతోంది, సందు మలుపు తిరుగుతూ. నా భుజాలు తేలిగ్గా ఉన్నాయి, ఆ తేలిక నాకు అక్కర్లేదు. ఏడాదికి ఒక్కరోజు. ఆ ఒక్కరోజైనా లోపలికి పోనిస్తారు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ ఒక్కరోజు కోసం వీళ్లు ఎన్నిసార్లు వంగమంటే అన్నిసార్లు వంగుతాను.

"సాధన ఎప్పట్నుంచి మొదలెడతారు?" అని అడిగాను.