మామకు ఇచ్చిన గోలీలు

దుబాయి పక్కనున్న అజ్మాన్‌లోని క్లినిక్‌కు కడుపునొప్పితో వచ్చిన ఏ కూలీనీ డాక్టర్ స్వర్ణ ఒక ప్రశ్న అడగకుండా వదలదు. "లెట్రిన్ నల్లగా వస్తుందా?" తెలుగులో, హిందీలో, వచ్చీరాని అరబ్బీలో అడుగుతుంది. నల్లగా వస్తే లోపల రక్తం కారుతున్నట్టు. వాళ్లు సిగ్గుపడతారు. ఆమె పడదు.

కొడుకును చూడటానికి విజిట్ వీసా మీద వచ్చిన మామ హన్మాండ్లుకు మోకాళ్లు పట్టేశాయి. ఆసుపత్రికి పోదామంటే నవ్వాడు.

"డాక్టరమ్మను ఇంట్ల పెట్టుకొని బయట లైన్ల కూసుందునా బిడ్డా? ఊళ్లె తెలిస్తె నవ్వుతరు."

స్వర్ణ నొప్పి గోలీలు తెచ్చిచ్చింది. తగ్గింది. మళ్లీ అడిగాడు, మళ్లీ ఇచ్చింది. ఎక్కువ రోజులు వాడితే అవి కడుపులో పుండు చేస్తాయని ఆమెకు తెలుసు. కానీ ఆమె మామ ఎదుట కుర్చీలో కూడా కూర్చోని కోడలు. అంగీ ఎత్తమని చెప్పి పొట్ట నొక్కి చూడటం, ఆ ప్రశ్న అడగటం ఆమె వల్ల కాలేదు. ఆయనకూ అంతే. కడుపులో మంట, తారులాంటి విరేచనం కోడలితో చెప్పుకునే మాటలా?

ఒక పొద్దున బాత్రూంలో కూలబడ్డాడు. పెద్దాసుపత్రిలో తెర అవతల డాక్టర్ ఇర్షాద్ అడుగుతున్నాడు. హైదరాబాదువాడు. మామ మూలుగుతూనే అన్నీ చెబుతున్నాడు.

"నల్లగనే సారూ. నెల దాటింది."

"ఎవరికీ చెప్పలేదా చాచా?"

"ఎవలికి చెప్పాలె? కొడుకు పొద్దుగాల పోతె రాత్రికొస్తడు."

"గోలీలెవరిచ్చిన్రు?"



"నేనే కొనుక్కున్న. దుకాణంల."

స్వర్ణ తెర ఇవతల నిలబడి వింటోంది. ఊపిరి అందని ముసలాయన కోడలి నౌకరీ కాపాడుతున్నాడు. ఆమె తెర తీసింది.

"నేనే ఇచ్చిన డాక్టర్ సాబ్." ఏ గోలీ, ఎంత మోతాదు, ఎన్నాళ్లుగా, అంతా చెప్పింది. "కడుపు చూడలేదు. ఏమీ అడగలేదు."

"మీరు డాక్టర్ కదా."

"ఆయనకు కోడల్ని."

"నీకెందుకు బిడ్డా ఈ ముచ్చట," అని గొణిగాడు మామ.

ఇర్షాద్ ఆపరేషన్‌కు సిద్ధం చేయమని నర్సుకు చెప్పాడు. స్వర్ణ మంచం పక్కకు వచ్చి మామ పొట్ట మీద చెయ్యి పెట్టింది. చెక్కలా బిగిసి ఉంది. లోపల పుండు పగిలిందని ఆ చేతికి తెలిసిపోయింది.

ఆయన సిగ్గుతో కళ్లు మూసుకున్నాడు. బండి మీద తోసుకుపోతున్నప్పుడూ తెరవలేదు. ఆ తర్వాత తెరిచింది లేదు.