వినికిడి షెడ్డు వంతెన దాటిన రోజు

షట్టరు ఎత్తి, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోపు టీ తాగేయడం కోడలికి అలవాటు. ఆ రోజు టీ చల్లారిపోయింది. వీధి వీధంతా కదిలిపోతోంది మరి! కొత్త వస్తువు కనిపెట్టి ఏటి అవతల తయారుచేసేవాళ్ళకి పదేళ్ళు పన్ను లేదని ప్రభుత్వం ప్రకటించింది. ఇంకేముంది, కళ్ళద్దాల షెడ్డు, గడియారాల షెడ్డు పునాదులు లేపుకుని వంతెన మీదుగా నడిచిపోతున్నాయి.

"కాస్త పక్కగా నడవొచ్చుగా!" అని పాలవాడు విసుక్కున్నాడంతే.

కోడలిది వినికిడి యంత్రాల షెడ్డు. పేదవాళ్ళు కూడా కొనుక్కోగల యంత్రాన్ని మూడేళ్ళు కిందామీదా పడి తయారుచేసింది. పన్ను కలిస్తే ఆ ధరకి అమ్మడం కుదరదు, అది సొరుగులోనే ఉండిపోతుంది. గడువు ప్రకారం ఆ మధ్యాహ్నం పన్నెండులోపు వంతెన దాటాలి. పన్ను మినహాయింపు దరఖాస్తులో "నిపుణులు: ఇద్దరు" అని తన పేరూ మరిది పేరూ రాసి, సామానంతా కట్టేసింది.

షెడ్డు మాత్రం కదిలితే ఒట్టు.

"దీని కాళ్ళు తిమ్మిరెక్కాయేమో వదినా!" అంటూ మరిది గోడకి భుజం ఆనించి తోశాడు. పదకొండు దాటింది.

మూలన స్టూలు మీద అత్తగారు ఉన్నారు. ఆవిడకి చెవుడు. ఇరవై ఏళ్ళుగా ఏ యంత్రమైనా ముందు ఆవిడ చెవిలోకి వెళ్ళాల్సిందే. "గరగరమంటోంది, విప్పు" అన్నారంటే విప్పాల్సిందే. ఇంటి మనిషి కదా, ఆవిడ పేరు ఎక్కడా రాసింది లేదు.

"మీరిద్దరూ వెళ్ళిరండమ్మా," అన్నారావిడ దరఖాస్తు చూస్తూ. "నేను ఇంటిపట్టునే ఉంటాలే."

కోడలు నాలుక కరుచుకుంది. నిజంగానే సిగ్గేసింది. "నా బుద్ధి గడ్డి తిన్నట్టుంది అత్తయ్యా!" అని 'ఇద్దరు' కొట్టేసి 'ముగ్గురు' అని రాసింది. "మీ పని ఏమని రాయను?"

ఆవిడ స్టూలు మీంచి లేచారు. "వినడం అని రాయి."

అంతే! షెడ్డు ఒక్క ఉదుటున లేచింది. మరలు నేలంతా చెల్లాచెదురయ్యాయి, మరిది చతికిలబడ్డాడు. వంతెన మీద గడియారాల షెడ్డుని దాటేస్తుంటే ముగ్గురూ కేకలు పెట్టారు.

అవతలి గేటు దగ్గర గుమాస్తా గడియారం చూసుకున్నాడు. ఇంకా ఐదు నిమిషాలుంది.

"ఈ పెద్దావిడ మీతో వచ్చారా?"

"లేదండీ, మేమే ఆవిడతో వచ్చాం," అంది కోడలు.

గుమాస్తా దరఖాస్తు మీద టక్కున ముద్ర కొట్టాడు. అత్తగారు కొత్త యంత్రాన్ని చెవిలో సర్దుకున్నారు.

"చప్పుడు తేడాగా ఉంది, ముద్ర సగమే పడింది. ఇంకోసారి వెయ్యి నాయనా."

అతను ముద్ర ఎత్తి చూశాడు. సగమే పడింది.