ముప్పై పౌన్ల డేరా

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఇప్పటికీ తప్పులు పోతాయి, ఒక పేజీకి రెండు రోజులు పడుతుంది. ఇది మా పక్కింటి పా కూ సంగతి. మాలాగే ఆమె కూడా కొండల నుంచి ఈ చలి దేశానికి వచ్చిన హ్మాంగ్ మనిషి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను.

ఆకులు రాలే రోజుల్లో పా కూ మొగుడు వా చెంగ్‌కి గుండెలో స్టెంటు వేశారు. చేపలకు వెళ్ళొచ్చు గానీ బరువులు లాగొద్దన్నాడు డాక్టరు. ఇంటికి వచ్చేసరికి వా చెంగ్‌కి అందులో మొదటి సగమే గుర్తుంది. జనవరిలో సరస్సులు మంచుగడ్డలై గట్టిపడగానే, మంచుకు కన్నం తొలిచి చేపలు పట్టేటప్పుడు కూర్చునే పాత డేరా చిరిగిపోయింది, కొత్తది కొందాం పద అన్నాడు. వద్దంటే ఎవరికీ చెప్పకుండా ఒక్కడే పోతాడు. అందుకని పా కూ కూడా కోటు తొడుక్కుని కారెక్కింది. వెళ్ళేది డేరా కొనడానికే అయినా ఆమె గుబులంతా అతని గుండె గురించే.

దుకాణంలో అతని కన్ను నేరుగా ఒకదాని మీద పడింది. మంచు మీద జారే పెద్ద నల్లటి తొట్టె, అందులోనే బిగించిన రెండు కుర్చీలు, వెనక మడిచి పెట్టిన గుడ్డ. సరస్సు మీదికి లాక్కెళ్ళి గుడ్డను తలమీదుగా ముందుకు వాల్చుకుంటే ఇల్లు సిద్ధం. వా చెంగ్ తాడు పట్టుకుని రెండు వేళ్ళతో లాగాడు. నున్నటి నేల మీద అది పిల్లికూనలా వెంట వచ్చింది.

"చూశావా? ఎంత తేలిగ్గా వస్తోందో!"

"ఈ నేల మీద నన్నూ లాగొచ్చు. మోకాలి లోతు మంచులో లాగు, అప్పుడు చెబుదువుగాని," అని పా కూ దుకాణం మనిషి వైపు తిరిగింది. "ఎంత బరువు బాబూ?"

అతని పేరు ఆర్లో. నెరిసిన మీసాల వాడు. "ఖాళీది తొంభై పౌన్లమ్మా. మంచు తొలిచే బర్మా, గ్యాసు హీటరు, సామాను కలిపితే నూట యాభై."

పా కూ తొట్టెలోకి దిగి కుర్చీలో కూర్చుంది. "ఇప్పుడు లాగు."

"ఏమే, నలుగురూ చూస్తున్నారు, దిగు!"

"చూస్తే చూడనీ. తేలికన్నావుగా?"

వా చెంగ్ పంతానికి తాడు భుజానికి వేసుకుని లాగాడు. బూట్లు పెట్టిన వరస దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. జనం నవ్వారు. "పెద్దాయనా, దీంతో కుర్చీలే వస్తాయి, ఇల్లాలు రాదు," అన్నాడు ఆర్లో. వా చెంగ్ కూడా నవ్వాడు. పా కూ మాత్రం అతని ముఖమే చూస్తోంది. నవ్వుతున్నాడు గానీ పెదవుల చుట్టూ తెల్లబడింది.

"ఇది వద్దు," అంది దిగుతూ. పక్కన ఎర్రటి సంచీలో ఇంకొకటుంది. విప్పి నాలుగు వైపులా గుంజితే గొడుగులా టప్పున తెరుచుకుంటుంది. ముప్పై పౌన్లు.

"అదా? దుప్పట్ల మూట అది! మనవాళ్ళు చూస్తే నవ్వరూ? నేనేమన్నా రోగినా?"

అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "నాకు ఆ ఎరుపు నచ్చింది," అంది.

"రంగు చూసి డేరా కొనేదాన్ని నిన్నే చూస్తున్నా," అని సణిగాడు గానీ కొన్నాడు. ఆర్లో ఒక పొట్లం మర మేకులు కూడా చేతిలో పెట్టాడు. "తేలికవాటికి గాలంటే భయం. మేకులు మరిచిపోకండి," అన్నాడు. సరేనన్నారు ఇద్దరూ.

శనివారం పొద్దున్నే మిల్ లాక్స్ సరస్సుకు వెళ్ళారు. మంచు అడుగున్నర మందాన ఉంది. పాత ప్లాస్టిక్ తొట్టెలో డేరా, సామాను కట్టి వా చెంగ్ తాడు అందుకున్నాడు.

"సగం దూరం నేను లాగుతా," అంది పా కూ.

"మన వాళ్ళు ఇంతమంది ఉండగా పెళ్ళాంచేత బండి లాగించమంటావా? నడువు."

ఆమె కోటు లోపలి జేబులో గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్రల సీసా ఉంది. అతని దగ్గర ఉంటే పారేసుకుంటాడని తనే దాచుకుంది. దాని పక్కన వెచ్చటి జిగురన్నం మూట. వెనకే నడుస్తూ అతని ఊపిరి లెక్కపెడుతోంది. నోట్లోంచి తెల్లటి ఆవిరి వెంటవెంటనే వస్తే ఏదో ఒక వంకతో ఆపేది. ఒకసారి బూటు తాడు ఊడింది. ఒకసారి చేతిజోడు పడిపోయింది. మూడోసారి కంట్లో నలక.

"ఇవాళ నీకేమైందే?"

"ముసలిదాన్నయ్యా, తొందరపెట్టకు."

చివరికి ఒక చోట ఆగారు. అతను బర్మాతో కన్నాలు తొలుస్తున్నాడు. అది బ్యాటరీది కనుక ఆమెకు ఊపిరాడింది. ఆ నెమ్మదిలోనే డేరా సంచీ విప్పింది. ఆమె పుట్టిన కొండల్లో చేను దగ్గర గుడిసె వేస్తే ముందు నిలబెట్టేవారు, తరవాతే కట్లు కట్టేవారు. చేతులకు అదే అలవాటు. నాలుగు గోడలూ టప్ టప్ టప్‌మని తెరిచింది. ఎర్రగా ఎంత బాగుందో అనుకుంటూ మేకుల పొట్లం కోసం వంగింది.

గాలి ఒక్క విసురు విసిరింది. డేరా లేచి పల్టీ కొట్టి సరస్సు మీద దొర్లుకుంటూ పోయింది.

"ఓరి నాయనో!" అంటూ వా చెంగ్ బర్మా వదిలేసి దాని వెంట పరుగు తీశాడు.

మాత్రలు తన జేబులో ఉన్నాయి. అతను ఆ వైపు పోతున్నాడు. తేలికని ఆ డేరాను ఎంచింది తనే. కట్టకుండా తెరిచిందీ తనే. "వదిలెయ్! పోనీ! పోతే పోనీ!" అని అరిచింది. వినబడలేదు. తను పరిగెత్తితే అందుకోలేదు. పిలిస్తే వెనక్కి రాడని నలభై ఏళ్ళుగా తెలుసు. ఎర్రటి డేరా ఆగినట్టే ఆగి మళ్ళీ దొర్లుతోంది, అతను చెయ్యి చాస్తున్నాడు, మళ్ళీ పరుగు.

అప్పుడామె "అమ్మో!" అని గొంతు చించుకుని అరిచి మంచు మీద అడ్డంగా పడిపోయింది.

చెంప మంచుకు అంటుకుంది. అతను కనబడటం లేదు. కింద ఎక్కడో మంచు ఉరిమినట్టు మూలిగింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటోంది. ఇరవై అయింది. ముప్పై అయింది. ఇక లేచి చూద్దామంటే, లేస్తే అతను మళ్ళీ డేరా వెంట పడతాడేమో. అక్కడే కూలిపోయి ఉంటే? నలభై దాటాక బూట్ల చప్పుడు వినబడింది. నడకే, పరుగు కాదు.

"ఏమే... ఏమైందే..."

ఆమె లేచి కూర్చుని ముందు అతని పెదవులు చూసింది. మాత్ర తీసి నోట్లోకి తోసింది. "నాలుక కింద. మింగకు." బకెట్టు బోర్లించి కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుని కదలకుండా కూర్చుంది. చాలాసేపటికి అతని ఆవిరి నెమ్మదించింది.

"పడ్డావా, పడ్డట్టు చేశావా?"

"చేశా."

"దొంగముండా," అన్నాడు. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

కాసేపటికి స్నోమొబైల్ అనే మంచు బండి మీద ఒక గడ్డంవాడు డేరాను తాడుతో లాక్కొచ్చాడు. "మీ ఇల్లు మా ఇంటికి చుట్టపు చూపుగా వచ్చిందండీ," అని నవ్వాడు. ఒక ఊచ వంగింది, అంతే. మిమ్మల్ని కూడా ఒడ్డుకు చేరుస్తానన్నాడు. అక్కర్లేదు, నడుస్తాం అని వా చెంగ్ నోట అలవాటుగా వచ్చేసింది. గడ్డంవాడు వెళ్ళిపోయాడు.

పా కూ గాలి వచ్చే వైపు మొదటి మేకు బిగించింది, తరవాత మిగతావి. సాయంత్రం దాకా కూర్చున్నారు. తిరుగు ప్రయాణంలో ఆమె అడక్కుండానే తాడు భుజానికి వేసుకుంది. అతను నోరు తెరిచాడు.

"ఇది నేను లాగడానికే కొన్నది. దుకాణంలో చెబితే కొననిచ్చేవాడివా?"

దారిలో ఎవరి డేరాలోంచో ఇద్దరు హ్మాంగ్ కుర్రాళ్ళు తల బయటపెట్టి చూశారు. వా చెంగ్ వాళ్ళ వైపు చూడలేదు. బరువేమీ లేని చేతులు ఏం చేసుకోవాలో తెలియక చేపల సంచీ పట్టుకుని ఆమె పక్కనే నడిచాడు.

"ఆపు," అన్నాడు కొంత దూరం వెళ్ళాక.

ఆమె గతుక్కుమని తిరిగింది. "నొప్పా?"

"కాదు. నువ్వు ఆయాసపడుతున్నావు. కాసేపు నిలబడదాం."

షువా మువా, డెబ్బై మూడేళ్ళు, ప్రస్తుతం సెయింట్ పాల్ తూర్పు పేటలో మా కోడలి ఇంట్లో.