ఒకటో సాక్షి వాంగ్మూలం

కేసు కొట్టేసి రెండు నెలలైనా ఊళ్లో ఎవరూ ఓబిలేష్‌ను మోటరు ఎత్తడానికి పిలవలేదు.

బోర్లలో కాలిపోయిన మోటర్లను పైకి తీయడం, బాగుచేసి మళ్లీ దింపడం అతని పని. నాలుగేళ్ల కిందట ఎండాకాలంలో, అదే ఊరి రైతు బసప్ప చీనీ (బత్తాయి) తోటలో బోరు కేబులును రాగి తీగ కోసం ఎవరో కోసుకుపోయారు. కొత్త కేబులు వేసి నీళ్లు పారించేసరికి పక్షం రోజులైంది. ఆలోగా నలభై చెట్లు ఎండిపోయాయి. దొంగతనానికి నాలుగు రోజుల ముందు ఆ బోరులో మోటరు దింపింది ఓబిలేషే. బసప్ప అతని పేరు చెప్పాడు. పదకొండు రోజులు జైల్లో ఉండి ఓబిలేష్ బెయిలు మీద బయటికొచ్చాడు.

ఆనాటి నుంచి ఊళ్లో అతనికి పని లేదు. ఎవరూ తిట్టలేదు, ఎదురైతే పలకరించారు కూడా. కానీ మోటరు కాలితే పక్క ఊరి మనిషి వచ్చేవాడు. ఓబిలేష్ బండి మీద గొలుసులు, పానాలు కట్టుకుని గుమ్మఘట్ట వైపు పోయేవాడు. అక్కడి పల్లెల్లో సగం మంది కన్నడం మాట్లాడతారు, అతని కేసు సంగతి ఎవరికీ తెలియదు.

కేసు కొట్టేశారని అతను నోటితో చెబితే ఊరు నమ్మలేదు. లాయరు గట్టివాడు, అందుకే బయటపడ్డాడని అనుకున్నారు. కోర్టు కాగితం తెచ్చి పదిమందికీ చూపించమని భార్య తిమ్మమ్మ పట్టుబట్టింది. అలా ఒక సోమవారం ఓబిలేష్ కోర్టు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

కిటికీ లోపల చంద్రిక. ధర్మవరం నేతగాళ్ల ఇంటి పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. నాలుగేళ్లు ఈ కోర్టుకు వాయిదాలు తిరిగినా ఓబిలేష్ ఎప్పుడూ ఆఫీసు దగ్గరికి రాలేదు. పేరు పిలిస్తే బోనెక్కడం, దిగడం, అంతే. ఏ దరఖాస్తు పెట్టాలో, కేసు నంబరు ఎక్కడ రాయాలో తెలియక తడబడుతుంటే ఆమే దగ్గరుండి రాయించింది. తీర్పు నకలు పదిరోజుల్లో వస్తుందని, నోటీసు బోర్డులో పేరు చూసుకొని రమ్మని చెప్పింది.

అతను పదో రోజే వచ్చాడు. ఎనిమిది పేజీలు, అంతా ఇంగ్లీషు. కింద గుండ్రటి ముద్ర. దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇందులో ఏం రాసుందో చదివి చెప్పమని అడిగాడు. వెనక వరుసలో ఎవరూ లేరు. చంద్రిక చివరి పేజీ తీసి, నేరం సందేహానికి తావులేకుండా రుజువు కాలేదు గనక సంశయ లాభం కింద ముద్దాయిని విడుదల చేస్తున్నామని రాసుందని చెప్పింది.

"సంశయమంటే అనుమానమే గదా మేడమ్?"

"ఊఁ, అనుమానమే."

ఓబిలేష్ కాసేపు ఆ ముద్రనే చూశాడు. "అనుమానమే గదా నన్ను తినింది. నేను చేయలేదని యాడా రాయలేదా?"

చేయలేదని రాయడం వేరు, చేసినట్టు రుజువు కాలేదని రాయడం వేరు. ఆ తేడా చంద్రిక పరీక్షలకు చదువుకున్న తేడాయే. కిటికీ అవతల మనిషి ముఖంలో అది ఇలా ఉంటుందని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఒక మంచి మాట కలిపి చెబితే అతను సంతోషంగా వెళ్లిపోయేవాడు. ఆమె కలపలేదు. కూర్చోమని చెప్పి, తీర్పును మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.

ఐదో పేజీలో ఒకచోట ఆగింది. ఒకటో సాక్షి బసప్ప ఎదురు ప్రశ్నల్లో ఏం ఒప్పుకున్నాడో అక్కడ రెండు ముక్కల్లో ఉంది. ఆ రోజు నువ్వు బోనులో లేవా అని అడిగింది. జ్వరం వల్ల రాలేదని, తను రాలేడని లాయరే పిటిషన్ వేశాడని ఓబిలేష్ చెప్పాడు. ఆ రోజు సాక్షి ఏం చెప్పాడో తర్వాత ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

"అన్నా, నీకు కావాల్సింది ఈ కాగితం కాదు. సాక్షి చెప్పిన మాట తెలుగులోనే రాసుకొని ఉంటారు. దాని నకలుకు ఇంకో దరఖాస్తు పెట్టు."

మధ్యాహ్నం సూపరింటెండెంట్ దేవేంద్ర ఆమెను పిలిచాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసు ఆయనది. తీర్పుకు అర్థాలు చెప్పడం ఆఫీసు పని కాదని, రేపు ఇంకొకరికి తప్పు చెబితే ఆ తప్పు కోర్టు మీద పడుతుందని మెల్లగానే అన్నాడు. తాను తీర్పులో ఉన్నదే చదివానని, ఏ కాగితం ఎక్కడుందో చెప్పానని ఆమె అంది. దేవేంద్ర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన అన్నదీ నిజమే. ఆ సాయంత్రం బస్సులో ఆమె దాని గురించే ఆలోచించింది. చెప్పకపోవడం వల్ల జరిగే తప్పుకు మాత్రం ఎక్కడా లెక్క ఉండదనిపించింది.

వారం తర్వాత నకలు తయారైంది. దాని మీద సంతకం పెట్టింది దేవేంద్రే. పెట్టేముందు రెండు పేజీలూ మొత్తం చదివాడు.

ఓబిలేష్ కోర్టు మెట్ల మీదే కూర్చుని అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. "కేబులు కోయడం నేను చూడలేదు. ఎవరు కోసినారో నాకు తెలియదు. మోటరు దింపినాడు గనక అనుమానం మీద అతని పేరు చెప్పినాను." కింద బసప్ప సంతకం, వంకరగా.

అతను దాన్ని ఊళ్లో పదిమందికీ చూపించలేదు. దారి పొడవునా చూపించాలనే అనుకున్నాడు గానీ, ఊరు దగ్గరయ్యేసరికి బండి తనంతట తనే అన్నట్టు చీనీ తోట వైపు తిరిగింది.

బసప్ప పాదులు సరిచేస్తున్నాడు. ఎండిపోయిన చెట్ల చోట నాటిన మొక్కలు ఇప్పుడు నడుమెత్తు ఉన్నాయి. ఓబిలేష్ కాగితం చేతికిచ్చి నిలబడ్డాడు. బసప్ప పార పక్కన పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

"ఇది నేను చెప్పిందేనప్పా," అన్నాడు చివరికి.

"మరి ఊర్లో ఎందుకు చెప్పలేదన్నా?"

"కోర్టులో చెప్పినా గదా, ఆడికి అయిపోయిందనుకుంటి. ఊర్లో నన్నెవరూ అడగల్యా."

"నేనడుగుతాండా."

బసప్ప కొత్త మొక్కల వైపు చూశాడు. ఆ ఎండాకాలం తనకు కళ్లు కనపడలేదని, ఎవరో ఒకరి పేరు చెప్పకపోతే గుండె ఆగిపోయేటట్టు ఉండిందని, అది సాకు కాదని చెప్పాడు. ఓబిలేష్ విన్నాడు. పర్వాలేదని మాత్రం అనలేదు. కాగితం బసప్ప చేతిలోనే వదిలి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున బసప్ప టీ అంగడి దగ్గర, ఉన్నవాళ్ల ముందు, కాగితం తన చేతుల్తో పట్టుకుని తన మాటలు తానే చదివాడు. చదవడం అయ్యాక ఒకాయన ఈసారి కూడా వాన మొహం చాటేసిందని మాట మార్చాడు. కానీ నెల తిరక్కముందే రెండు మోటర్ల పని ఓబిలేష్‌కు వచ్చింది. అందులో ఒకటి బసప్ప తమ్ముడిది. ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ పక్క ఊరి మనిషినే పిలుస్తారు. ఓబిలేష్ కూడా గుమ్మఘట్ట వైపు పోవడం మానలేదు. ఊళ్లో పనిలేని నాలుగేళ్లూ ఏమీ అడక్కుండా పిలిచింది అక్కడివాళ్లే.

ఇదంతా చంద్రికకు తెలియదు. నకలు తీసుకుపోయినవాళ్లు మళ్లీ కిటికీ దగ్గరికొచ్చి ఏమైందో చెప్పరు. కానీ ఇప్పుడు ఎవరైనా దరఖాస్తు ఇస్తే ఆమె నంబరు చూసేముందు తలెత్తి, ఈ కాగితం ఎందుకు కావాల్సి వచ్చిందని అడుగుతుంది. కొందరు విసుక్కుంటారు. కొందరు మాత్రం దరఖాస్తు వెనక్కి తీసుకుని, తమకు నిజంగా ఏం కావాలో చెప్పడం మొదలుపెడతారు.